మొదటి నవల చిత్తుప్రతి పూర్తయింది. ఇప్పుడు దీన్ని ఏం చేయాలి?

గుండ్లకమ్మ | ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా మీరంతా ఇక్కడ రాసేవి చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదటిసారి.

నిన్న రాత్రి పదకొండున్నరకి నా నవల ఆఖరి వాక్యం రాశాను. ఆరు లాంగ్ నోట్‌బుక్కులు, 412 పేజీలు, నాలుగేళ్ల రెండు నెలలు. పెన్ను మూత పెట్టగానే సంతోషం పొంగుకొస్తుందనుకున్నాను. రాలేదు. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి, ఆ ఆరు పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తూ కూర్చున్నాను. ఎవరినైనా లేపి చెబుదామనిపించింది. లేపితే ఏమని చెప్పాలో తెలియలేదు.

మాది కొండపి వైపు పల్లెటూరు. ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాం. ఆఫీసులో గుమాస్తా పని, ఇద్దరు పిల్లలు, మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. నవల పొగాకు బ్యారన్, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే గది, చుట్టూ తిరుగుతుంది. మా నాన్న ఒక రైతు బ్యారన్ దగ్గర రాత్రిళ్లు మంట చూసే పని చేసేవాడు. అమ్మ ఆకు అల్లేది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: తోటలో రెలిపిన, అంటే కోసిన, పచ్చి ఆకును కర్రలకు అల్లి, బ్యారన్ లోపల వరసలుగా వేలాడదీసి, ఐదారు రోజులు నెమ్మదిగా వేడి పెంచుతూ ఆరబెడతారు. ఆకు పసుపు తిరిగే దాకా వేడి 100 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. చివర్లో ఈనె ఎండాలంటే 160 దాకా తీసుకెళ్లాలి. ఇవి ఫారన్‌హీట్ లెక్కలు. ఒక్క రాత్రి మంట గతి తప్పితే బ్యారన్ మొత్తం నల్లబడుతుంది, రైతు మునుగుతాడు. ఆ బాధ్యతంతా కూలికి పనిచేసే ఒక మనిషి మీద ఉండేది.

తాతగారి కాలం నుంచి మొదలుపెట్టి, 1976లో పొగాకు బోర్డు రావడం, వేలం కేంద్రాలు, పెళ్లిళ్లు, గొడవలు, 2000-01లో ఆంధ్రలో పొగాకుకు క్రాప్ హాలిడే ఇవ్వడం, అంటే ఆ ఏడు పంట వేయొద్దనడం, వరకూ అన్నీ రాశాను. ఈ పొద్దున మొదటి నోట్‌బుక్ తీసి చదివితే గుండె జారిపోయింది. నలభై పేజీల దాకా ఒక్క మనిషి కూడా కదలడం లేదు. పేపర్లో వ్యాసంలా ఉంది. దీన్ని బాగుచేయొచ్చా, పక్కన పెట్టేయాలా? మొదటి నవల రాసినవాళ్లు ఈ దశలో ఏం చేశారో చెప్పండి, దయచేసి.

పాతపుస్తకం | ఆదివారం, రాత్రి 11.05

అమ్మా, ముందు నా ఆశీస్సులు. మొదలుపెట్టినవాళ్లు వందమంది ఉంటారు, ఆఖరి వాక్యం దాకా వచ్చేవాళ్లు అరుదు. ముప్పై నాలుగేళ్లు గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. "నేనూ ఒక నవల రాస్తున్నానండీ" అని నా టేబుల్ దగ్గర చెప్పినవాళ్లలో పూర్తి చేసి తెచ్చి చూపించినవాళ్లు నా చేతి వేళ్లకు సరిపోతారు.

ఒక మాట చెప్పనివ్వండి. మనవాళ్లు విశ్వనాథ వారు 1934లో వేయిపడగలు 29 రోజుల్లో పూర్తిచేశారని గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, ఆయన చెబుతుంటే తమ్ముడు రాసుకుపోయారు. కానీ ఆ లెక్క విని బెదిరిపోయి పెన్ను పడేసినవాళ్లను చూశాను. ఆ 29 రోజుల వెనక ఎన్ని ఏళ్ల చదువు, ఎంత ఊరు, ఎంత జీవితం ఉందో లెక్కలోకి తీసుకోరు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాలపల్లి రాయవెల్లూరు జైల్లో కూర్చుని రాశారు. బుచ్చిబాబు గారు జీవితం మొత్తం మీద ఒకే ఒక్క నవల రాశారు. నాలుగేళ్లు ఎక్కువా తక్కువా అన్న ప్రశ్న అసలు పెట్టుకోవద్దు.

ఇంకొకటి. మన దగ్గర నవల పుట్టిందే ధారావాహికగా. కందుకూరి వారి రాజశేఖర చరిత్రము 1878 నుంచి వివేకవర్ధని పత్రికలో భాగాలుగా వచ్చింది. ఆ తర్వాత వారపత్రికల కాలంలో రచయిత్రులు వారం వారం ఒక ప్రకరణం ఇచ్చితీరాల్సిన పరిస్థితి. పాఠకుడు వచ్చే వారం పత్రిక కొనాలంటే ప్రకరణం చివర ఏదో ఒకటి జరగాలి కదా. ఆ ఒత్తిడి వాళ్లకు మనుషుల్ని కదిలించడం నేర్పింది. మీరు ఒంటరిగా, ఎవరికీ చూపించకుండా నాలుగేళ్లు రాశారు. అందుకే నలభై పేజీలు కదలకుండా ఉండిపోయి ఉంటాయి. అది చేతకానితనం కాదమ్మా. వినేవాళ్లు లేకపోవడం.

నా సలహా: రెండు నెలలు బీరువాలో పెట్టి తాళం వేయండి. తర్వాత ఎవరికైనా చదివి వినిపించండి. చదవమని ఇవ్వడం కాదు, వినిపించండి.

మానేరు తీరం | సోమవారం, ఉదయం 6.20

గుండ్లకమ్మ గారూ, శుభాకాంక్షలు. నేను కరీంనగర్ జిల్లావాణ్ణి. మొదటి నవల మూడేళ్ల కింద సొంతంగా 500 కాపీలు వేసుకున్నాను. మీరు చెప్పిన ఆ నలభై పేజీలు నాకు బాగా తెలుసు. నావి అరవై.

నేను చేసింది చెబుతాను. మొదటి ముసాయిదాలో మా ఊరి చరిత్ర అంతా కుక్కిన. చెరువు ఎప్పుడు తవ్వారు, ఎవరి కాలంలో ఏం జరిగింది, అంతా. రెండోసారి చదివినప్పుడు తెలిసింది, అదంతా నా కోసం రాసుకున్నది. నేను ఆ ఊరిని మళ్లీ కట్టుకుంటే తప్ప అందులో మనుషుల్ని నడిపించలేను కాబట్టి రాసుకున్న. పాఠకుడికి అది అక్కర్లేదు. అట్లని ఆ పని వృథా కాలేదు. ఇప్పటికీ ఆ అరవై పేజీలు వేరే ఫైల్లో ఉన్నాయి. ఎక్కడ అనుమానం వచ్చినా అందులో చూసుకుంటా.

నాకు ఎక్కువ కష్టమైంది భాష. మాటలు మా యాసలో రాసి, కథనం మాత్రం పుస్తకాల భాషలో నడిపించిన. చదువుతుంటే ఇద్దరు మనుషులు రాసినట్టు ఉండేది. నా కథ చెప్పేవాడు పన్నెండేళ్ల పిల్లగాడు, ఊరు దాటి ఎరుగడు. వాడు "నాన్న వచ్చాడు" అని ఎట్లంటడు? "నాయిన వచ్చిండు" అనే అంటడు. అది తట్టిన రోజు మొత్తం మొదటినుంచి తిరగరాసిన. పదకొండు నెలలు పట్టింది. ఒక ప్రచురణకర్త "ఈ భాష అందరికీ అర్థం కాదు, మార్చండి" అన్నారు. మార్చలేదు. ఆ పుస్తకం అక్కడ రాలేదు. బాధైంది, కానీ మార్చి ఉంటే ఇంకా బాధపడేవాణ్ణి.

మీ కథ ఎవరు చెబుతున్నారు? మీరు ఆ సంగతి రాయలేదు. ముందు అది తేల్చుకోండి.

వేపచెట్టు | సోమవారం, మధ్యాహ్నం 1.15

అక్కా, మీ పోస్టు ఆఫీసులో లంచ్ టైంలో చదివాను. నాకు 26. మూడో అధ్యాయం దగ్గర ఎనిమిది నెలలుగా ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో ఎవరికీ చెప్పలేదు. నా నవల్లో మా బాబాయి ఉన్నాడు. పేరు మార్చాను, ఊరు మార్చాను, వృత్తి కూడా మార్చాను. అయినా ఆయన చదివితే తనేనని ఒక్క పేజీలో గుర్తుపడతాడు. ఆయన మా పిన్నిని ఎలా చూశాడో రాయకపోతే ఈ నవలే లేదు. రాస్తే మా ఇంట్లో పండగలకి అందరూ కలిసి కూర్చునే రోజులు పోతాయి.

మీరు నాన్నగారి గురించి రాశారు కదా. భయం వేయలేదా?

ఫ్రిస్కో రాత్రులు | మంగళవారం, ఉదయం 5.50

నమస్తే అండీ. టెక్సాస్ నుంచి రాస్తున్నాను, పుట్టింది నెల్లూరు జిల్లాలో. నేనూ మొదటి నవల మీదే ఉన్నాను, ఇంకా సగంలో. పిల్లలు లేవకముందు నాలుగున్నరకి లేచి గంటన్నర రాస్తాను. చలికాలంలో గరాజ్‌లో చిన్న హీటర్ పెట్టుకుని రాస్తాను, ఇంట్లో లైటు వేస్తే చిన్నది లేచిపోతుంది.

ఇక్కడి స్నేహితురాలు ఒకావిడ ఇంగ్లీషులో రాస్తుంది. నవంబర్ నెలలో 50,000 మాటలు రాసే పద్ధతి ఒకటుంది, అది చేద్దామంది. సరేనని మొదలుపెట్టాను. నెలాఖరుకి తను 50,000 దాటింది, నేను 31,000 దగ్గర ఉన్నాను. ఏడుపొచ్చింది. తర్వాత మా ఆయన ఒక మాట అన్నారు: "'వెళ్లిపోవాల్సొచ్చిందట' అనేది నీకు ఒక్క మాట. తనకి అది ఆరేడు మాటలు." నిజమే కదా. మన భాషలో ఒక్క మాటలో అంత సర్దుకుంటుంది. వేరే భాష గజంబద్దతో కొలుచుకుని నెల రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. అప్పటినుంచి మాటలు లెక్కపెట్టడం మానేసి, రోజుకి ఒక సన్నివేశం అని పెట్టుకున్నాను. చిన్నదైనా సరే.

నా అసలు కష్టం వేరే ఉంది. ఇక్కడ పందొమ్మిదేళ్లుగా ఉన్నాను. నా పాత్రలు మాట్లాడుతుంటే నాకు 2005 నాటి నెల్లూరే వినిపిస్తోంది. కొన్నిసార్లు అది కూడా వినిపించదు. అందుకని వారానికి రెండుసార్లు మా పెద్దమ్మకి ఫోన్ చేసి ఊరికే ఏదో ఒకటి అడుగుతాను. చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేస్తావు, ఎదురింటివాళ్లతో గొడవ తీరిందా, ఇలా. ఆమె మాట్లాడుతుంటే మాట ఎక్కడ విరిచిందో, ఎక్కడ ఆగిందో రాసుకుంటాను. గుండ్లకమ్మ గారూ, మీకు అమ్మగారు ఇంట్లోనే ఉన్నారు. మీ అదృష్టం చూస్తే నాకు అసూయగా ఉంది.

ప్రూఫు గది | మంగళవారం, రాత్రి 8.30

విజయవాడలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ, ప్రూఫులు చూసే పని నాది. రచన గురించి చెప్పేంతటివాణ్ణి కాను. కానీ చేతిరాత ప్రతి పుస్తకం అయ్యే దారిలో జనం ఎక్కడెక్కడ పడతారో తెలుసు, అది చెబుతాను.

మేడమ్, టైపు మీరే చేసుకోండి. బయట ఇవ్వొద్దు. డబ్బు సంగతి కాదు. టైపు చేసేటప్పుడు ప్రతి వాక్యం మీ వేళ్ల మీదుగా ఇంకోసారి వెళుతుంది. ఎక్కువైన వాక్యాన్ని టైపు చేయడానికి చేతికే బద్ధకం వేస్తుంది. అదే మొదటి ఎడిటింగ్.

టైపు యూనికోడ్‌లోనే, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగులోనే చేయండి. ఇప్పటికీ చాలా ప్రెస్సుల్లో పేజీలు యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లలో పెడతారు. యూనికోడ్ నుంచి అందులోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు చెదిరిపోతాయి, అరసున్నలు మాయమవుతాయి, కొటేషన్ గుర్తులు వేరే అక్షరాలైపోతాయి. ఒక రచయిత పుస్తకంలో అలా మారినప్పుడు ఒకే ఒత్తు 300 పేజీల్లో ఎగిరిపోయింది. ఆయన ప్రూఫు చూడకుండానే, ఫర్వాలేదు అచ్చు వేసేయమన్నారు. పుస్తకం అట్ట చేతిలో పట్టుకుని ఆయన నా ఎదురుగా కూర్చున్న సాయంత్రం నేను మర్చిపోలేను. అందుకే చెబుతున్నాను, మార్చిన తర్వాత వచ్చిన ప్రతినే ప్రూఫు చూడండి. మీ కంప్యూటర్లో ఉన్నది సరిగ్గా ఉందని నమ్మొద్దు. మూడు ప్రూఫులు చూడాలి, అందులో ఒకటి కాగితం మీద, పక్కన ఎవరో ఒకరు పైకి చదువుతుంటే.

డెమ్మీ సైజులో వేస్తే పేజీకి 200 పైచిలుకు మాటలు పడతాయి. ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే పేజీల కట్టని ఫారం అంటాం, ఫారానికి 16 పేజీలు. కాబట్టి పుస్తకం 16తో పోయే లెక్కలో ఉంటే కాగితం వృథా కాదు. మొదటిసారి వేసేవాళ్లు ముందుమాటలు నాలుగు పెట్టించి ఒక ఫారం పెంచుకుంటారు, అది నాకు ఎప్పుడూ నచ్చదు. పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరుకి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది. దానికి వేలు అడిగేవాళ్లున్నారు, జాగ్రత్త. కాపీరైట్ రాసిన క్షణం నుంచే మీది. 1957 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఇదంతా ఇప్పుడే అవసరం లేదు. బీరువా తాళం తీశాక చూసుకోండి.

మానేరు తీరం | బుధవారం, ఉదయం 6.05

వేపచెట్టు తమ్మీ, నీ ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు, అందుకని రాస్తున్నా.

నా నవల్లో మా అన్న ఉన్నడు. వాటాల గొడవలో ఆయన చేసినవన్నీ మొదటి ముసాయిదాలో కోపంతో రాసిన. చదివితే ఆయన మనిషిలాగ లేడు, నా కోపంలాగ ఉన్నడు. రెండోసారి రాసేటప్పుడు ఒక పని చేసిన. ఒక అధ్యాయం మొత్తం ఆయన వైపు నుంచి రాసిన, ఎవరికీ చూపించకుండా. ఆయనకు పదమూడేండ్ల వయసులో నాయిన పోయిండు, ఇంటి భారం ఆయన మీద పడ్డది. నాకు అప్పుడు నాలుగేండ్లు. అది నాకు తెలుసు, కానీ అప్పటిదాకా తెలిసినట్టు లేదు. ఆ అధ్యాయం పుస్తకంలో లేదు. అది రాసినంక మిగతా చోట్ల ఆయన మారిపోయిండు. చేసినవి చేసినట్టే ఉన్నాయి, ఒక్కటి కూడా తీసెయ్యలే.

పుస్తకం వచ్చినంక అన్న చదివిండు. నెల రోజులు మాట్లాడలే. ఇప్పుడు మాట్లాడుతడు గానీ పుస్తకం మాట ఎత్తడు. ఖర్చు లేదని నీకు అబద్ధం చెప్పను. ఖర్చు ఉంటది. కానీ ముందు రాయి. రాసినంక అచ్చు వేయాలా వద్దా అనేది వేరే నిర్ణయం. ఆ రెండింటినీ కలిపి చూస్తున్నవు కాబట్టే ఎనిమిది నెలలు ఆగిపోయినవు.

పాతపుస్తకం | బుధవారం, ఉదయం 9.30

మానేరు తీరం గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. బతికున్నవాళ్ల బాధను పుస్తకం కోసం వాడుకునే హక్కు మనకు ఎంత ఉందన్నది చిన్న ప్రశ్న కాదు. ఆ పిన్నిగారు ఏమంటారు? ఆవిడ కథ కూడా కదా అది. ఆవిడని అడిగారా బాబూ?

వేపచెట్టు | బుధవారం, రాత్రి 10.10

లేదండీ. అడగాలని తట్టనే లేదు. బాబాయి ఏమంటాడన్న టెన్షనే ఇన్నాళ్లూ.

గుండ్లకమ్మ | ఆదివారం, మధ్యాహ్నం 3.20

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను, క్షమించండి. బీరువాలో రెండు నెలలు పెట్టమన్నారు పాతపుస్తకం గారు. పెట్టలేకపోయాను. ఫ్రిస్కో రాత్రులు గారు రాసిన "అమ్మగారు ఇంట్లోనే ఉన్నారు" అన్న మాట వారమంతా వెంటాడింది.

నిన్న మధ్యాహ్నం అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. అమ్మకి చదువు రాదు. నేను ఏదో కథ రాస్తున్నానని తెలుసు గానీ అందులో ఏముందో నాలుగేళ్లలో ఒక్కసారీ నేను చెప్పలేదు, తను అడగలేదు. మూడో నోట్‌బుక్ తీసుకుని పక్కన కూర్చుని, "ఇది విను" అని చదవడం మొదలుపెట్టాను.

నాకు ఎంతో ఇష్టమైన అధ్యాయం అది. రాత్రి రెండు గంటలు. నాన్నలాంటి పాత్ర బ్యారన్ పొయ్యి ముందు నులకమంచం మీద కూర్చుని, మంటను చూస్తూ తన బతుకంతా తలుచుకుంటాడు. నాలుగు పేజీలు. రాసిన రోజు నాకే కళ్లు చెమ్మగిల్లాయి.

రెండు పేజీలు చదివేసరికి అమ్మ చేతులు ఆగిపోయాయి. "మంచమెక్కడిదే?" అంది.

"పొయ్యి దగ్గర మంచం" అన్నాను.

"పొయ్యి దగ్గర మంచం ఎవురేస్తారు? కూచుంటే నిద్రొస్తది. కన్ను మూతపడిందంటే మంట తగ్గుద్ది. తగ్గిందని ఒక్కసారే కట్టెలు కుక్కితే ఆకు మాడుద్ది. మీ నాయన కూచునేవోడు కాదు. బ్యారన్ చుట్టూ తిరిగేవోడు. ఓ చుట్టు తిరగటం, కిటికీ అద్దంలోంచి బ్యాటరీ లైటేసి లోపల వేడి ఎంతుందో చూసుకోటం, మళ్లీ తిరగటం. ఆకు పని అయిపోయేతలికి బ్యారన్ చుట్టూతా నేల మీద బాట పడేది."

"ఏం ఆలోచించేవాడమ్మా అప్పుడు?"

"ఆలోచనేముంది. తెల్లారేదాకా కట్టెలు సరిపోతయ్యా లేదా అని లెక్కేసుకునేవోడు."

నా నాలుగు పేజీలూ పోయాయి. పోయాయంటే నిజంగా పోయాయి, ఇంక వాటిని చూడలేను. ఆ నాలుగు పేజీల్లో మంచం మీద కూర్చుని తలుచుకుంటున్నది నాన్న కాదు, నేను. ఆయన రాత్రంతా నడిచిన మనిషి. నేను ఆయన్ని నా కోసం కూర్చోబెట్టాను.

తర్వాత ఒకటి జరిగింది, అది మీకు చెప్పాలనే ఇంత రాస్తున్నాను. కాసేపు చిక్కుడుకాయలు వలిచాక అమ్మ తనంతట తనే అంది: "పొగాకు ఎయ్యొద్దన్న యేడు ఉండాదే, ఆ యేడు మాఘమాసంలో మీ నాయనకి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఒంటిగంటప్పుడు లేచి వాకిట్లో తిరిగేవోడు. ఏందయ్యా అంటే, కాళ్లు ఆగట్లేదే అనేవోడు."

అప్పుడు నాకు పదహారేళ్లు. ఆ ఇంట్లోనే పడుకున్నాను. నాకు తెలియదు. నాన్న 2011లో పోయాడు. ఇన్నేళ్లలో అమ్మ ఈ మాట చెప్పలేదు, నేను అడగలేదు. అడగడానికి నా దగ్గర ప్రశ్న లేదు. తప్పుగా రాసిన మంచం ఒకటి ఉండబట్టి ఈ మాట బయటికొచ్చింది.

మానేరు తీరం గారూ, కథ ఎవరు చెబుతున్నారని అడిగారు. ఇప్పుడు తెలిసింది. వాకిట్లో నాన్న తిరుగుతుంటే లోపల నిద్రపోతున్న పిల్ల చెప్పాలి. నవల క్రాప్ హాలిడే సంవత్సరం నుంచే మొదలవ్వాలి. నేను దాన్ని ఆఖరి ముప్పై పేజీల్లో పడేశాను. బ్యారన్ లేని ఏడాది నుంచి చూస్తేనే బ్యారన్ అంటే ఏంటో తెలుస్తుంది. తాతగారు, పొగాకు బోర్డు, పెళ్లిళ్లు అన్నీ పక్కకి పోవాలి. 412 పేజీల్లో ఎన్ని మిగులుతాయో చూడాలి. వంద మిగిలితే ఎక్కువ.

వేపచెట్టు తమ్ముడూ, భయం వేయలేదా అని అడిగావు. నాన్న లేడు కాబట్టి వేయలేదు అనుకున్నాను. నిన్నటినుంచి వేస్తోంది. మంచి భయమే, తప్పు రాస్తానేమోనన్న భయం.

ఫ్రిస్కో రాత్రులు | ఆదివారం, ఉదయం 6.15

గరాజ్‌లో కూర్చుని చదివాను. "కాళ్లు ఆగట్లేదే" దగ్గర ఆగిపోయాను. ఈ పూట నా నవల రాయలేను. పెద్దమ్మకి ఫోన్ చేస్తాను.

పాతపుస్తకం | ఆదివారం, రాత్రి 9.00

అమ్మా, తాళం వేయమన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మీరు చేసిందే సరైనది.

ఒక విన్నపం. పెళ్లిళ్లు అన్నీ తీసేస్తానన్నారు. తొందరపడొద్దు. పంట లేని ఏడాది పెళ్లి ఆగిపోయిన ఇల్లు ఒక్కటైనా ఉండి ఉంటుంది కదా ఆ ఊళ్లో. ఒక్కటి ఉంచండి.

ప్రూఫు గది | సోమవారం, రాత్రి 8.10

మేడమ్, పూర్తయ్యాక, అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా పెట్టే నవలల పోటీలాంటిది ఏదైనా పడితే పంపించండి. బండి నారాయణస్వామి గారి శప్తభూమి అలాగే ముందు పోటీలో బహుమతి అందుకుని, తర్వాత 2019లో సాహిత్య అకాడమీ అవార్డు దాకా వెళ్లింది. రాయలసీమ మట్టిలోంచి వచ్చిన నవల అది. మీ నేల గురించి అలాంటిది రావాలని నా కోరిక.

మానేరు తీరం | సోమవారం, రాత్రి 9.45

పోటీకి పంపడం మంచిదే, కానీ దాని కోసం ఆగకండి. నేను ఒక పోటీ ఫలితం కోసం ఏడాదిన్నర ఆగిన. ఆ ఏడాదిన్నర ఒక్క వాక్యం రాయలేదు. సొంతంగా వేసుకున్నంక హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒక మిత్రుడి స్టాల్లో మూల మీద ముప్పై కాపీలు పెట్టిన. మూడో రోజు ఒక పెద్దమనిషి నిలబడి పదిహేను నిమిషాలు అక్కడే చదివి, రెండు కాపీలు కొని, "మా మేనమామ మాట్లాడినట్టే ఉన్నది" అన్నడు. నాకు అది చాలు.

ప్రూఫు గది | సోమవారం, రాత్రి 10.05

అంగీకరిస్తాను. కానీ సొంతంగా వేసినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో మంచాల కింద 400 కాపీలు పెట్టుకుని ఉన్నారు, వాళ్ల ఇళ్లకి కట్టలు పంపింది నేనే. ముందు 200 వేయండి, అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు. ఇప్పుడు తక్కువ కాపీలు కూడా వేసే ప్రెస్సులున్నాయి.

గుండ్లకమ్మ | ఏడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10.30

మళ్లీ వచ్చాను. కొత్తగా నాలుగు అధ్యాయాలయ్యాయి, టైపు నేనే చేసుకుంటున్నాను. ప్రూఫు గది గారు చెప్పినట్టు చేతికి బద్ధకం వేసిన వాక్యాలన్నీ పోయాయి. పాత నోట్‌బుక్కుల్లోంచి ఇప్పటిదాకా పనికొచ్చినవి పదకొండు పేజీలు. ఆగిపోయిన పెళ్లి ఒకటి దొరికింది, పాతపుస్తకం గారూ. అది మా పక్కింటి అక్కది. వాళ్ల ఊరెళ్లి ఆవిడనే అడిగి, సరే రాసుకో అన్నాకే రాశాను.

ప్రతి శనివారం అమ్మకి ఒక అధ్యాయం చదువుతున్నాను. మొదట్లో తప్పులు పట్టేది. ఇప్పుడు తప్పులు తక్కువయ్యాయో ఏమో, కళ్లు మూసుకుని వింటోంది. ఇవాళ నాలుగోది అయిపోయాక "తర్వాతేమయిందే?" అంది. తర్వాతేమయిందో ఆమెకి తెలిసినంతగా నాకు తెలియదు. అయినా నన్నే అడిగింది.

మొదటి అధ్యాయం ప్రూఫు గది గారికి, ఫ్రిస్కో రాత్రులు గారికి మెయిల్ చేశాను. మొహమాటపడకుండా చెప్పండి.

వేపచెట్టు | శనివారం, రాత్రి 11.20

అక్కా, మా పిన్నితో మాట్లాడాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నువ్వు రాసేదాంట్లో నేను ఊరికే ఏడుస్తూ ఉంటానా?" అని అడిగింది. నా మూడు అధ్యాయాల్లోనూ ఆమె ఏడవడం తప్ప ఏమీ చేయదు. మొదటినుంచి రాస్తున్నాను.

ప్రూఫు గది | ఆదివారం, ఉదయం 8.00

చదివాను మేడమ్. రచన గురించి చెప్పేంతటివాణ్ణి కానని ముందే చెప్పాను, కానీ మా ఆవిడకి కూడా పైకి చదివి వినిపించాను. ఇంతకన్నా ఏం చెప్పను.

ఒక్క అనుమానం. రెండో పేజీలో "ఆకు అల్లకం" అని ఉంది, ఆరో పేజీలో "అల్లిక" అని ఉంది. ఏది ఉంచమంటారు?

గుండ్లకమ్మ | ఆదివారం, ఉదయం 8.25

అమ్మని అడిగాను. "అల్లకం" అంది. అదే ఉంచండి.